పరుగెత్తేవాళ్ల పాదంలో నరం నొప్పి: నలుగుతున్న చోటు కనిపెట్టి సరిచేసుకోవడం ఎలా

నాలుగో కిలోమీటరు దాకా ఏమీ ఉండదు. ఆ తర్వాత మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య ఏదో గులకరాయి ఇరుక్కున్నట్టు ఉంటుంది. ఆగి, బూటు విప్పి దులుపుతారు. రాయి లేదు. సాక్సు మడత పడిందేమోనని లాగి సరిచేసుకుంటారు. మడతా లేదు. ఇంకో కిలోమీటరు పోయేసరికి ఆ రెండు వేళ్లూ మొద్దుబారిపోతాయి, అడుగు వేసినప్పుడల్లా కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది. బూటు విప్పి పాదం నొక్కుకుంటే పది నిమిషాల్లో అంతా మామూలే. మళ్లీ రెండు రోజులకి అదే చోట, అదే కథ.

ఇది కండరం నొప్పి కాదు, నరం నొప్పి. మనలో చాలామంది దీన్ని కండరం నొప్పిలాగే చూస్తాం. బంతి మీద రుద్దుతాం, సాగదీస్తాం, గట్టిగా మసాజ్ చేస్తాం. నేనూ అదే చేశాను. మడమ లోపలివైపు మంటని ప్లాంటర్ ఫేషియైటిస్ (మడమ దగ్గర అరికాలి పట్టీ నొప్పి) అని నాకు నేనే తేల్చేసుకుని, మూడు నెలలు రోజూ రెండు పూటలా గట్టి బంతి మీద అరికాలు రుద్దాను. నొప్పి పెరుగుతుంటే రుద్దడం చాలట్లేదనుకుని ఇంకాస్త గట్టిగా రుద్దాను. నలిగిపోతున్న నరాన్ని నా చేతులతో నేనే నలిపానని తర్వాత తెలిసింది.

నరానికి తనకంటూ సన్నటి రక్తనాళాలు ఉంటాయి. ఒత్తినా, లాగినా ముందు వాటిలో రక్తం తగ్గుతుంది. జంతువుల నరాల మీద చేసిన ప్రయోగాల్లో, నరాన్ని దాని పొడవులో 8 శాతం సాగదీసేసరికే రక్తప్రసరణ తగ్గడం మొదలైంది, 15 శాతం దగ్గర దాదాపు ఆగిపోయింది. పాదంలో 26 ఎముకలు, వాటిని కట్టి ఉంచే పట్టీలు, వాటి మధ్య ఇరుకు సందులు ఉంటాయి. నరాలు ఆ సందుల్లోంచే వెళ్లాలి. పరుగెత్తేటప్పుడు ప్రతి అడుగుకీ ఒంటి బరువుకి రెండు మూడు రెట్ల బరువు పాదం మీద పడుతుంది. పైగా పాదం వాస్తుంది, బూటు మాత్రం సాగదు. అందుకే మొదటి కిలోమీటరులో లేని నొప్పి నాలుగో కిలోమీటరులో వస్తుంది.

కాబట్టి ఎక్కడ నొప్పిగా ఉందన్నదాని కంటే, నరం ఎక్కడ నలుగుతోంది అన్నది ముందు తేల్చుకోవాలి. ఈ రెండూ ఒకే చోట ఉండాలని లేదు.

1. ముందు, ఇది నరమేనా?

నరం నొప్పికి దాని భాష దానికి ఉంది. మంట, జివ్వుమనడం, సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు, తిమ్మిరి, మొద్దుబారడం, మెత్తటి దుప్పటి తగిలినా చురుక్కుమనడం. వీటిలో ఒకటి రెండు ఉంటే నరాన్ని అనుమానించాలి.

ప్లాంటర్ ఫేషియైటిస్ అయితే పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగులే నరకం. కాస్త నడిచాక సర్దుకుంటుంది. నరం నొప్పి సాధారణంగా దీనికి తిరగబడి ఉంటుంది. పొద్దున బాగానే ఉంటుంది, నిలబడే కొద్దీ, పరుగెత్తే కొద్దీ పెరుగుతుంది, ఒక్కోసారి రాత్రి పడుకున్నాక కూడా మండుతుంది.

అన్నిటికంటే ముందు పక్కన పెట్టాల్సింది స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో వచ్చే సన్నటి పగులు. ఒక్క వేలితో చూపించగలిగే చోట ఎముక మీద నొక్కితే నొప్పి, ఒంటికాలి మీద గెంతితే అదే చోట నొప్పి, పాదం పైన కొద్దిగా వాపు, తిమ్మిరి మాత్రం ఉండదు. ఇలా ఉంటే ఇక్కడ చదవడం ఆపి, పరుగు కూడా ఆపి డాక్టరుకి చూపించుకోండి. పగులు అనుమానం ఉన్న కాలితో గెంతే పరీక్ష పదే పదే చేయకండి, ఒక్కసారి చాలు.

2. పెన్నుతో గీసుకోండి

తిమ్మిరి వచ్చిన వెంటనే, అది తగ్గకముందే, బూటు విప్పి బాల్‌పెన్నుతో పాదం మీద గీయండి. తిమ్మిరి ఎక్కడిదాకా ఉందో ఒక గీత, మంట ఎక్కువగా ఉన్నచోట ఒక చుక్క. ఫోటో తీసి పెట్టుకోండి. రెండు మూడు పరుగుల ఫోటోలు పక్కపక్కన పెడితే చాలావరకు బొమ్మ తేలిపోతుంది. డాక్టరు దగ్గర "ఇక్కడెక్కడో అండీ" అని గాలిలో చేయి తిప్పడం కంటే ఆ ఫోటో వెయ్యి రెట్లు మేలు.

మూడు, నాలుగు వేళ్ల మధ్య అయితే మోర్టన్స్ న్యూరోమా కావచ్చు. 1876లో థామస్ మోర్టన్ అనే అమెరికన్ సర్జన్ దీని గురించి రాశాడు, ఆ పేరే ఉండిపోయింది. న్యూరోమా అనగానే గడ్డ అనుకుని భయపడతారు. ఇది కణితి కాదు. వేళ్ల వెనకాల ఉండే పొడవాటి ఎముకల తలల దగ్గర నరం నలిగీ నలిగీ, దాని చుట్టూ పీచులాంటి కణజాలం పేరుకుని మందమవుతుంది. ఒక చేత్తో పాదాన్ని రెండు పక్కల నుంచి పిడికిట్లో పట్టి నొక్కుతూ, రెండో చేతి బొటనవేలితో ఆ సందులో అరికాలి వైపు నుంచి పైకి ఒత్తితే అదే నొప్పి వస్తుంది, కొందరికి టిక్కుమన్నట్టు తెలుస్తుంది కూడా. రెండు, మూడు వేళ్ల మధ్య కూడా రావచ్చు గానీ అంత తరచు కాదు.

పాదం పైభాగంలో, ముఖ్యంగా బొటనవేలికీ రెండో వేలికీ మధ్య చర్మం మొద్దుబారితే, ముందుగా చూసుకోవాల్సింది లేసులు. అక్కడ నరం ఎముక మీదే, చర్మానికి దగ్గరగా పోతుంది. పైభాగం అంతా వెడల్పుగా తిమ్మిరెక్కితే నలిగే చోటు ఇంకా పైన, చీలమండకి ఓ జానెడు లోపు ఎత్తులో, కాలి బయటివైపు ఉండొచ్చు. అక్కడ నరం కండరం పొరని చీల్చుకుని పైకి వస్తుంది. చీలమండ తరచు బెణికేవాళ్లకి ఇది ఎక్కువ.

అరికాలంతా మంట, చీలమండ లోపలి గుబ్బ వెనక వేలితో తడితే అరికాల్లోకి జుమ్మని పాకడం: ఇది టార్సల్ టనెల్ సిండ్రోమ్ లక్షణం. ఆ గుబ్బ వెనక ఒక పట్టీ కింద ఇరుకు దారి ఉంది. పెద్ద నరం, రక్తనాళాలు, మూడు స్నాయువులు అన్నీ అందులోంచే పోవాలి. అడుగు వేసినప్పుడు పాదం వంపు అణిగి లోపలికి కూలిపోయేవాళ్లలో నరం ప్రతి అడుగుకీ అక్కడ సాగుతుంది.

దాని కిందే ఇంకో రకం ఉంది. పాదం లోపలి వంపు దగ్గర మంట, బొటనవేలి వైపు తిమ్మిరి. 1978లో ఒక డాక్టరు మూడు కేసులు రాసి దీనికి జాగర్స్ ఫుట్ అని పేరు పెట్టాడు. తమాషా ఏమిటంటే, వంపుకి ఆసరాగా పెట్టుకున్న గట్టి ఇన్‌సోలే కొందరిలో దీనికి కారణం.

మడమ లోపలివైపు నొప్పి నెలల తరబడి తగ్గకపోతే బాక్స్‌టర్ నరం గుర్తు పెట్టుకోండి. నేను బంతితో నలిపింది దాన్నే. దీనిలో చర్మం మొద్దుబారకపోవచ్చు, అందుకే అందరూ ఫేషియైటిస్ అనుకుంటారు. చిటికెన వేలిని పక్కకి చాచే కండరానికి ఈ నరమే ఆధారం. రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి చిటికెన వేళ్లని బయటికి చాచి చూడండి. మామూలుగానే చాలామందికి ఇది రాదు. ఒక పాదంలో బాగా వచ్చి, నొప్పి ఉన్నదాంట్లో రాకపోతేనే లెక్కలోకి తీసుకోవాలి.

పాదం బయటి అంచు తిమ్మిరెక్కితే బూటు మడమ అంచు ఒత్తుతోందేమో చూడండి.

ఇక నడుము. వెన్ను దగ్గర నరం నొక్కుకుపోతే నొప్పి పాదంలో మాత్రమే తెలిసే సందర్భాలు ఉన్నాయి. పాదానికి ఎన్ని చేసినా ఫలితం ఉండదు. దీనికి ఇంట్లో చేసుకునే చిన్న పరీక్ష ఉంది. కుర్చీలో కూర్చుని వెన్ను గూనిగా వంచి, గడ్డం ఛాతీకి ఆనించి, నొప్పి ఉన్న కాలిని మోకాలి దగ్గర నెమ్మదిగా చాపండి. పాదంలో ఆ పాత నొప్పి రాగానే, కాలు కదపకుండా తల మాత్రం పైకెత్తండి. తల ఎత్తగానే పాదంలో తేడా తెలిస్తే ఆ నొప్పిలో నరానికి భాగం ఉందన్నమాట, పైన నడుము దగ్గర కూడా చూడాలి. పిక్కలోనో తొడ వెనకో లాగడం, దగ్గినప్పుడు జివ్వుమనడం ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

రెండు పాదాల్లో ఒకేలా, వేళ్ల కొసల నుంచి మొదలై పైకి పాకే తిమ్మిరి అయితే అది బూట్ల సమస్య కాదు. షుగరు, బి12 లోపం, థైరాయిడ్, మద్యం, కొన్ని మందులు, వీటిలో ఏదో ఒకటి కావచ్చు. రక్తపరీక్ష చేయించుకోండి. మాంసాహారం తిననివాళ్లు, షుగరుకి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్లు బి12 తప్పక చూసుకోవాలి. పరీక్ష లేకుండా నరాల బలానికని బి కాంప్లెక్స్ మాత్రలు నెలల తరబడి మింగకండి. బి6 ఎక్కువైతే అదే నరాలని దెబ్బతీస్తుంది.

3. ఒత్తిడి తీసేయడం

నన్నడిగితే ఈ మొత్తంలో సగం పైగా వైద్యం ఇక్కడే ఉంది.

బూటులోని ఇన్‌సోల్ బయటికి తీసి నేల మీద పెట్టి, దాని మీద నిలబడండి. పాదం ముందుభాగం ఇన్‌సోల్ అంచులు దాటి బయటికి వస్తే ఆ బూటు మీకు ఇరుకు. సైజు సరిపోవడం వేరు, వెడల్పు సరిపోవడం వేరు. పొడవు పెంచి వెడల్పు సరిపెట్టుకుందామంటే మడమ జారుతుంది, జారకుండా లేసు బిగిస్తారు, నొప్పి ముందు నుంచి పైకి మారుతుంది. వెడల్పు రకమే కొనండి. పాదం వాచి ఉండే సాయంత్రం పూట, పరుగుకి వేసుకునే సాక్సుతోనే వేసి చూడండి. పొడవాటి వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి.

పాదం పైన నొప్పి ఉన్నవాళ్లు, నొప్పి చుక్క మీదుగా లేసు అడ్డంగా పోకుండా ఆ వరసలో రంధ్రాలు వదిలేసి, లేసుని పక్కల వెంట నిలువుగా పైకి తీసుకెళ్లండి. పైసా ఖర్చు లేదు, రెండు నిమిషాల పని. చాలామందికి ఇంతటితోనే తీరిపోతుంది. బూటు నాలుక ముడత పడిందేమో కూడా చూడండి.

వేళ్ల మధ్య నొప్పికి మెటటార్సల్ ప్యాడ్, అంటే ఇన్‌సోల్ మీద అంటించే చిన్న ఉబ్బెత్తు మెత్త, మంచి సాధనం. కానీ పెట్టేవాళ్లలో ఎక్కువమంది తప్పు చోట పెడతారు. నొప్పి ఉన్నచోట మెత్తగా ఉంటుందని సరిగ్గా దాని కిందే అంటిస్తారు, దాంతో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ప్యాడ్ పని మెత్తదనం ఇవ్వడం కాదు, ఎముకల తలల వెనక కాస్త ఎత్తి వాటిని విడదీసి నరానికి చోటివ్వడం. అరికాలి మీద నొప్పి చుక్కకి లిప్‌స్టిక్ రాసి, బూటులో పెట్టిన ఇన్‌సోల్ మీద అడుగు వేయండి, గుర్తు పడుతుంది. ప్యాడ్ ముందు అంచు ఆ గుర్తుకి సుమారు ఒక సెంటీమీటరు వెనక, మడమ వైపు ఉండాలి. మొదటి రోజు గంట, రెండు గంటలు నడకలో వాడి చూడండి. మొదట్లో ఏదో అడ్డం ఉన్నట్టు తెలుస్తుంది, కానీ నొప్పి పెట్టకూడదు. నొప్పి పెడితే రెండు మిల్లీమీటర్లు వెనక్కి జరపండి.

పాదం లోపలికి కూలి చీలమండ దగ్గర నరం సాగేవాళ్లకి వంపు ఆసరా హాయినిస్తుంది. జాగర్స్ ఫుట్ ఉన్నవాళ్లకి అదే ఆసరా విషం. స్నేహితుడికి నయమైన ఇన్‌సోల్ మీకూ పనిచేస్తుందని కొనకండి.

పరుగు రోజుకి గంట. మిగతా పది గంటలు వేసుకునే చెప్పులు, ఆఫీసు బూట్లు ఏమిటి? ముందు మొన తేలినవి, మడమ ఎత్తువి బరువంతా వేళ్ల మొదట్లోకి తోస్తాయి. పరుగు బూటు మార్చి ఇవి మార్చకపోతే కుండకి చిల్లు ఉంచి నీళ్లు పోసినట్టే.

4. పరుగు మానేయాలా?

చాలాసార్లు అక్కర్లేదు, తగ్గిస్తే చాలు. తిమ్మిరి నాలుగో కిలోమీటరులో మొదలైతే మూడు దగ్గరే ఆపండి. నరాన్ని రెచ్చగొట్టకుండా ముగించిన ప్రతి పరుగూ లాభమే. మధ్యలో మొదలైతే "ఇంకొంచెం, సర్దుకుంటుంది" అని లాగకండి, నడవండి. కండరం వేడెక్కితే సర్దుకుంటుంది, నరం సర్దుకోదు. నేను పెట్టుకున్న కొలత ఇది: పరుగు ఆపిన గంటలోపు పాదం పూర్తిగా మామూలైతే ఆ దూరం సరే. మర్నాడు పొద్దున్న కూడా జివ్వుమంటుంటే అది ఎక్కువ, వచ్చే పరుగు సగానికి తగ్గించాలి. నడకలో కూడా నొప్పి ఉంటే పరుగు పూర్తిగా ఆపాలి.

అడుగు పొడవు కాస్త తగ్గించి, నిమిషానికి వేసే అడుగుల సంఖ్య 5 నుంచి 10 శాతం పెంచితే ప్రతి అడుగు బరువూ తగ్గుతుంది. వేళ్ల మధ్య నొప్పి ఉన్నవాళ్లు ఎత్తు ఎక్కడం, వేగం పరుగులు కొన్నాళ్లు పక్కన పెట్టాలి, రెండింట్లోనూ బరువు వేళ్ల మొదట్లోనే పడుతుంది. దానికి బదులు సైకిలు తొక్కుతానంటారా? పెడల్ సరిగ్గా ఆ చోటే ఒత్తుతుంది, పాదం మధ్యభాగంతో తొక్కండి. ఈత అయితే ఏ తంటా లేదు.

5. నరాన్ని కదిలించడం, సాగదీయడం కాదు

ఈ తేడా ముఖ్యం. సాగదీయడం అంటే రెండు కొసలూ పట్టుకు లాగడం. కదిలించడం అంటే ఒక కొస లాగుతూ రెండో కొస వదలడం, దారం సూదిలో అటూ ఇటూ జారినట్టు. కుర్చీలో నిటారుగా కూర్చోండి. మోకాలు చాపి, పాదం మీ వైపు తిప్పుకుంటూ, అదే సమయంలో తల ఎత్తి పైకి చూడండి. తర్వాత మోకాలు వంచి పాదం కిందికి వదులుతూ గడ్డం ఛాతీ వైపు దించండి. ఎక్కడా ఆగి పట్టి ఉంచకూడదు. పదిసార్లు, రోజుకి రెండు పూటలు. చేసేటప్పుడు కొంచెం లాగినట్టు ఉంటే ఫర్వాలేదు. తిమ్మిరి వచ్చి నిలిచిపోతే చాపే దూరం తగ్గించండి.

నొప్పి నెమ్మదించాక బలం. వేళ్లు ముడవకుండా అరికాలి వంపుని మాత్రం పైకి లాగి ఐదు సెకన్లు పట్టి ఉంచడం, మడమలు నెమ్మదిగా ఎత్తి అంతకంటే నెమ్మదిగా దించడం. వారానికి మూడు నాలుగు రోజులు, ఆరు నుంచి ఎనిమిది వారాలు. వేళ్ల మధ్య నొప్పి ఉన్నవాళ్లు మడమలు ఎత్తే వ్యాయామం చివర్లో మొదలుపెట్టాలి. ఇక బంతి పిక్క కండరానికి సరే, నొప్పి చుక్క మీదికి రానివ్వకండి.

మొద్దుబారిన చర్మం మీద ఐసు గానీ వేడినీళ్లు గానీ జాగ్రత్త. కాలుతోందో గడ్డకడుతోందో ఆ చర్మానికి తెలియదు. షుగరు ఉన్నవాళ్లయితే రెండూ వద్దు. మామూలు నొప్పి మాత్రలు నరం నొప్పికి పెద్దగా పనిచేయవు, అవి వేసుకుని పరుగెత్తడం మరీ తప్పు. నరాల నొప్పికి వాడే మందులు వేరు. అవి మత్తు, తల తిరగడం తెస్తాయి, డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టకూడదు, ఉన్నట్టుండి ఆపకూడదు కూడా.

6. డాక్టరు దగ్గరికి

పాదం పైకి లేవక నేలకి తగులుతూ ఈడ్చుకుంటోందా, ఆ రోజే వెళ్లండి. రెండు కాళ్ల మధ్య కూర్చునే భాగం మొద్దుబారినా, మూత్రం, మలం మీద అదుపు తప్పినా అది అత్యవసరం, గంటలు లెక్కపెట్టాల్సిన విషయం. పాదం చల్లబడి తెల్లబోతే నరం కాదు, రక్తప్రసరణ సమస్య, అదీ ఆగే పని కాదు. పుండు మానకపోయినా, కండరం సన్నబడుతున్నా, తిమ్మిరి వారం వారం పైకి పాకుతున్నా ఆలస్యం చేయకండి. ఇవేమీ లేకపోతే, పైవన్నీ ఆరు వారాలు నిజాయితీగా చేశాక చూపించుకోవచ్చు.

అల్ట్రాసౌండ్, ఎమ్మారై, నరం వేగం కొలిచే పరీక్ష చేయించమనవచ్చు. స్కాన్‌లో న్యూరోమా ఉందని రాగానే అదే దోషి అని తేల్చేయకండి. ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్‌లలో కూడా అది కనిపిస్తుంటుంది. మీ పెన్ను గీతలూ, స్కానూ ఒకే చోటుని చూపించాలి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలో, నెలలో ఉపశమనం ఇస్తుంది. పదే పదే తీసుకుంటే అరికాలి కొవ్వు మెత్త పలచబడుతుంది, అది పరుగెత్తేవాళ్లకి చిన్న నష్టం కాదు. ఆపరేషన్‌లో నరం ముక్క తీసేస్తే ఆ వేళ్ల మధ్య తిమ్మిరి శాశ్వతం. కొందరికి తెగిన కొస దగ్గర మళ్లీ గడ్డలా పెరిగి నొప్పి తిరిగొస్తుంది. నరం తీసేస్తారా, చుట్టూ ఉన్న పట్టీ మాత్రం వదులు చేస్తారా అని ముందే అడగండి.

7. తిరిగి పరుగులోకి

నరం తొందరపడదు. నలగడం వల్ల తాత్కాలికంగా పనిచేయడం మానేసిన నరం కొన్ని రోజులు, వారాల్లో కోలుకుంటుంది. లోపలి తంతువు దెబ్బతింటే రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ రావాలి. చీలమండ నుంచి వేళ్ల దాకా ఎంత దూరమో కొలుచుకుంటే నెలలు ఎందుకు పడుతుందో తెలుస్తుంది. తిమ్మిరి పోయేముందు కొన్నాళ్లు చురుకులు పెరగడం కూడా ఉంటుంది.

వరసగా మూడు పరుగులు ఏ జివ్వూ లేకుండా గడిస్తే అప్పుడు దూరం కొద్దిగా పెంచండి, వేగం తర్వాత, ఎత్తు ఎక్కడం ఆఖర్న. ఒక వారంలో ఒక్కటే మార్చండి. కొత్త బూటు, కొత్త ప్యాడ్, కొత్త లేసు పద్ధతి అన్నీ ఒకేసారి పెడితే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో ఎప్పటికీ తెలియదు. ఒక చిన్న నోట్సులో తేదీ, దూరం, ఏ బూటు, తిమ్మిరి ఎన్నో కిలోమీటరులో మొదలైంది, ఎంతసేపటికి పోయింది, ఈ ఐదే రాయండి. అందులో చూడాల్సింది నాలుగో గడి. నాలుగు ఐదైంది, ఐదు ఏడైంది అంటే దారిలో ఉన్నట్టే, నొప్పి ఇంకా ఉన్నా సరే.

ప్యాడ్ కుదిరిన జత అరిగిపోయి కొత్తది కొనేటప్పుడు, పాత ఇన్‌సోల్ పారేయకముందు మడమ అంచు నుంచి ప్యాడ్ ముందు అంచు దాకా స్కేలుతో కొలిచి రాసుకోండి. రెండు పాదాలకీ విడివిడిగా.